వేరే లోకంలో దుకాణం: పెద్దవాళ్ళ కామెడీ మాంగాల్లో ఏది ఎవరికి?

ఇసెకాయ్ అంటే జపనీసులో వేరే లోకం. మన కాలపు మనిషి ఎవరో కత్తులు, మంత్రాలు, డ్రాగన్లు ఉన్న లోకంలో వెళ్ళి పడతారు. అక్కడ ఏం చేశారన్నదే కథ. చాలామంది రాక్షసరాజు మీదికి కత్తి దూస్తారు. కొందరు మాత్రం షట్టర్ ఎత్తి దుకాణం తెరుస్తారు. హోటలు, కిరాణా కొట్టు, మందుల షాపు, గనిలో కూలిపని, రాక్షసరాజు కొలువులో ఉద్యోగం, ఏదో ఒకటి. ఈ రెండో రకం మాంగాలు, అంటే జపాన్ బొమ్మల కథలు, పెద్దవాళ్ళకే ఎక్కువ రుచిస్తాయి. షాపు అద్దె కట్టినవాళ్ళకీ, టార్గెట్లు మోసినవాళ్ళకీ, ‘రేపు ఇస్తాలే’ అనే అరువు బేరగాడి వెనక తిరిగినవాళ్ళకీ వీటిలోని హాస్యం వెంటనే తగులుతుంది.

కొనేటప్పుడే చిక్కంతా. అట్టలన్నీ ఒకలాగే ఉంటాయి. ఏప్రన్ కట్టుకున్న మనిషి, పక్కన కొనదేలిన చెవులతో ఎల్ఫ్ (వందల ఏళ్ళు బతికే అడవి జాతి) పిల్ల, ముందు పొగలు కక్కుతున్న పళ్ళెం. పేర్లలో సగానికి పైగా ‘అనదర్ వరల్డ్’ ఉంటుంది. అట్ట చూసి కొంటే, బేరసారాల కథ కావాలనుకున్నవాళ్ళ చేతికి వంటల కథ వస్తుంది. పిల్లలతో కలిసి చదువుదామనుకున్నవాళ్ళ చేతికి తలుపేసుకుని చదవాల్సింది వస్తుంది.

కాబట్టి అట్ట సంగతి వదిలేసి ఒక్క ప్రశ్న వేసుకోండి: ఆ దుకాణానికి సరుకు ఎక్కడినుంచి వస్తోంది? సరుకు ఎంత సులువుగా దొరికితే కథలో వ్యాపారం అంత పలచబడుతుంది. వెనక తలుపు తీస్తే జపాన్ బజారే ఉంటే యజమానికి కొరత అనేది తెలియదు, రచయిత చూపంతా కస్టమర్ల మీదికి పోతుంది. సరుకు మోసుకు రావాల్సి వస్తే ధర, బరువు, నాణేల మారకం అన్నీ లెక్కలోకొస్తాయి. అమ్ముకోవడానికి ఒంటి కష్టం తప్ప ఏమీ లేకపోతే అది కూలీల కథ అవుతుంది. నవ్వు కూడా ఆ దారినే మారిపోతుంది.

వెనక తలుపు జపాన్‌లో ఉంటే

‘ఇసెకాయ్ ఇజకాయా నోబు’ ఈ పద్ధతికి మంచి నమూనా. సెమికావా నత్సుయా 2012లో ఇంటర్నెట్‌లో మొదలుపెట్టిన నవల ఇది. మాంగా 2015 నుంచి కదోకావా వారి ‘యంగ్ ఏస్’ పత్రికలో వస్తోంది, బొమ్మలు వర్జీనియా నితోహెయ్‌వి. ఇజకాయా అంటే పని దిగిన సాయంత్రం నలుగురూ చేరి, తాగుతూ చిన్న చిన్న వంటకాలు తెప్పించుకునే చోటు. క్యోటోలో గిరాకీ లేని వీధిలో ఉన్న ఈ కొట్టు ముందు తలుపు ఐతేరియా అనే పాత పట్నంలోకి తెరుచుకుంటుంది. వంట నొబుయుకి చేస్తాడు, వడ్డన షినొబుది.

మొదటి చాప్టర్లోనే ఈ మాంగా తీరు తెలిసిపోతుంది. జపాన్‌లో ఇజకాయాలో కూర్చోగానే అనే మాట ‘తొరియాఎజు నమా’. ముందైతే ఒక డ్రాఫ్ట్ బీరు పట్రా, మిగతావి తర్వాత చెప్తాం అని అర్థం. ఐతేరియా కావలి సిపాయిలకు అది ఆ సారాయి పేరులాగే వినబడుతుంది. ‘తొరియాఎజునమా’ అని ఒకే మాటగా అడుగుతారు, ఊరంతా ఆ పేరే స్థిరపడుతుంది. గాజు మగ్గు చూసి ఇంత విలువైనది సిపాయికిస్తారా అని నివ్వెరపోతారు, ఆపైన అందులోని చల్లదనం చూసి ఇంకోసారి. మనకు మామూలుగా ఉండే మూడు వస్తువులు, అంటే గాజు, మంచు, నురగ, అక్కడ రాజభోగాలు. నోబులో నవ్వంతా ఈ తేడాలోంచే వస్తుంది.

‘ఓటోషి’ గురించి తెలిసి ఉంటే ఇంకొంచెం అందుతుంది. ఇజకాయాలో కూర్చోగానే మనం అడగకుండానే ఒక చిన్న గిన్నె వస్తుంది, దానికి బిల్లు కూడా పడుతుంది. కూర్చున్నందుకు రుసుములాంటిది. జపాన్‌కి కొత్తగా వెళ్ళినవాళ్ళు ఇక్కడే తగువుపడతారు. ఈ ఆచారం తెలిసినవాళ్ళకు ఆ గిన్నె ముందు సిపాయిల మొహాలు వేరేగా కనబడతాయి.

వ్యాపారం పూర్తిగా లేదని కాదు. పన్ను వసూలు గుత్తకు తీసుకున్న గేర్నోట్ కొట్టులో లోపం పట్టడానికే వస్తాడు. నపోలితాన్ స్పఘెట్టి తిని రోజువారీ బేరగాడైపోతాడు. గుత్త పద్ధతి అంటే ప్రభుత్వానికి ముందే ఒప్పుకున్న మొత్తం కట్టేసి, పైన వసూలైనదంతా జేబులో వేసుకోవడం. ఆ సంగతి మనసులో పెట్టుకుని చదివితే ఆ చాప్టర్ ఉత్త తిండి కథలా అనిపించదు. లాగర్ బీరు అమ్మకం మీద వచ్చిపడే అభియోగం కూడా అంతే. చల్లగా పులియబెట్టే లాగర్ అక్కడి సామ్రాజ్యంలో ఆంక్షలున్న సరుకు. నొబుయుకి ఏ దురుద్దేశమూ లేకుండా పోసిన మగ్గు దొంగరవాణా కేసు అవుతుంది. ఈ సిరీస్‌లో వ్యాపారం చిక్కబడేది అక్కడే.

లోపం చెప్పాలి. చాప్టర్ నడక దాదాపు మారదు. దిగులుగా ఒకరు వస్తారు, తెలియనిది తింటారు, కళ్ళు పెద్దవవుతాయి, దిగులు తీరుతుంది. ఒక్క కూర్చోవడంలో వాల్యూమ్ అంతా చదివితే మూడో చాప్టర్ దగ్గరే విసుగొస్తుంది. రోజుకు రెండు చాప్టర్లు చాలు. ఇది పత్రికలో ఒక్కో విడతగా చదవడానికి పుట్టింది, అలాగే చదివితేనే రుచి.

‘రెస్టారెంట్ టు అనదర్ వరల్డ్’ పైకి నోబుకు తోబుట్టువులా ఉంటుంది, లోపల వేరు. ఇనుజుకా జున్‌పెయ్ నవలకు కుగత్సు తకాఅకి మాంగా, ‘యంగ్ గంగన్’ పత్రికలో 2016లో మొదలైంది. టోక్యోలో పాశ్చాత్య వంటకాల హోటలు నెకోయా వారమంతా మామూలు జనానికి, శనివారం మాత్రం వేరే లోకానికి. ఆ రోజు ఆ లోకంలో ఎక్కడెక్కడో, అడవుల్లో, శిథిలాల్లో, కోటల్లో, పిల్లి బొమ్మ ఉన్న తలుపులు ప్రత్యక్షమవుతాయి. నోబుది ఒకే ఊరు, ఒకే వీధి, తెలిసిన మొహాలు. నెకోయాకు ఖండాలు దాటి వస్తారు. ఒకరినొకరు యుద్ధంలో చంపుకునే జాతులవాళ్ళు పక్క పక్క బల్లల దగ్గర కూర్చుంటారు. పేర్లతో పనిలేదు, ఎవరికి ఇష్టమైన వంటకం వాళ్ళ పేరు: కత్సుదోన్, తెరియాకి, ఎబీ ఫ్రై. ఎర్ర డ్రాగన్ రాణి మూసే వేళకు వచ్చి బీఫ్ స్టూ కుండతో సహా పట్టుకుపోతుంది.

మన పాఠకులకు ఒక మాట. రెండింటిలోనూ బీఫ్, పోర్క్ మామూలు తిండి, నోబులో బీరు ప్రతి పేజీలోనూ. అవి కంటికి ఇబ్బందిగా ఉండేవాళ్ళు నెకోయా ఎంచుకోవడం మేలు, కనీసం మద్యం తక్కువ. అందులో ఫార్దానియా అనే ఎల్ఫ్ ఉంది. మాంసం, చేప, గుడ్డు, పాలు ఏవీ ముట్టదు. ఆమె వచ్చినప్పుడు వంటవాడు తోఫు స్టేక్‌తో మెప్పిస్తాడు. జపాన్ వంటల్లో చేప పులుసు ఎక్కడ దాక్కుని ఉంటుందో తెలిసిన శాకాహారులకు ఆ చాప్టర్ విలువ ఇంకా ఎక్కువ.

రెండింట్లో ఒకటే కొనాలంటే: మనుషులు పదే పదే తిరిగి రావడం, వీధి రాజకీయం, తాగుబోతుల మాటలు కావాలా? నోబు. ఒక్కో చాప్టర్ దానికదే ముగిసే చిన్న కథ, ఎటునుంచి తెరిచినా చదవగలిగేది కావాలా? నెకోయా. నవ్వు నోబులో ఎక్కువ. నెకోయాలో నవ్వు కంటే మెత్తదనం ఎక్కువ.

డబ్బు లెక్క కావాలనుకునేవాళ్ళకి

ఫూనా రాసిన ‘సేవింగ్ 80,000 గోల్డ్ ఇన్ అనదర్ వరల్డ్ ఫర్ మై రిటైర్‌మెంట్’ పేరులోనే లక్ష్యం పెట్టింది. మాంగా మొతోఎ కెయ్‌సుకె గీశారు, 2017 నుంచి వస్తోంది. 18 ఏళ్ళ మిత్సుహా అమ్మానాన్నలనీ అన్ననీ పోగొట్టుకున్న పిల్ల. రెండు లోకాల మధ్య అనుకున్నప్పుడు వెళ్ళివచ్చే శక్తి దొరుకుతుంది. ముసలితనానికి అక్కడ 100 కోట్ల యెన్‌లు, ఇక్కడ 100 కోట్ల యెన్‌లు దాచాలని లెక్క వేసుకుంటుంది. రెండూ కలిపి 80,000 బంగారు నాణేలు.

పెన్సిల్ తీసుకుని చూడండి. 200 కోట్లను 80,000తో భాగిస్తే నాణేనికి 25,000 యెన్‌లు. ఖర్చులు పోను రోజుకు 10 నాణేలు మిగిలాయనుకున్నా 8,000 రోజులు పడుతుంది, అంటే దాదాపు 22 ఏళ్ళు. కిరాణా కొట్టు చిల్లర బేరంతో ఆ మొత్తం రాదన్నమాట. ఈ లెక్క వేసుకుంటే ‘మిత్సుహా జనరల్ స్టోర్’ ఎందుకలా నడుస్తుందో తెలుస్తుంది. అన్నీ చవగ్గా అమ్మి గుంపుని పోగెయ్యాలని ఆమె చూడదు. తక్కువ సరుకు, ఎక్కువ ధర, డబ్బున్న ఇళ్ళ ఆడవాళ్ళకు షాంపూ, జమీందారు కూతురి తొలి వేడుకకు మొత్తం ఏర్పాట్లు. ఆ వేడుక బేరంలో లాభం వస్తువుల మీద కంటే తెలివి మీద ఎక్కువ.

ఇంకో సమస్యనీ ఈ మాంగా గట్టిగా పట్టుకుంది. సంపాదించిన బంగారాన్ని జపాన్‌లో మార్చుకోవడం ఎలా? చదువుకునే వయసు పిల్ల మూటగట్టిన నాణేలతో దుకాణం మెట్లెక్కితే ఎవరైనా అడుగుతారు, ఎక్కడివని. అందుకే ఆమె దేశం బయట కూలి సైనికుల ముఠాతో ఒప్పందం చేసుకుంటుంది. బంగారం ఇచ్చి ఆయుధాలు, శిక్షణ కొంటుంది. ఈ కోవలో చాలా మాంగాలు ఈ మారకం గొడవని పక్కకి నెట్టేస్తాయి. వ్యాపారం చేసినవాళ్ళకు మాత్రం గల్లాపెట్టెలో పడిన డబ్బు చెల్లుబాటు కావడం సగం పని అని తెలుసు.

తక్కువలు ఏమిటంటే, ముఖాల గీత అంతంతమాత్రం, మిత్సుహాని చూసి చిన్నపిల్ల అనుకోవడం మీద నడిచే జోకు అరిగిపోతుంది. యుద్ధం దిగిన భాగాల్లో తుపాకులు వస్తాయి, అక్కడ కామెడీ ఒక్కసారిగా పలచబడుతుంది. కథ నుంచి బేరం తెలివి కోరేవాళ్ళకి అయినా ఇదే నా మొదటి సలహా.

‘క్యాంప్‌ఫైర్ కుకింగ్ ఇన్ అనదర్ వరల్డ్ విత్ మై అబ్సర్డ్ స్కిల్’ని ఈ వరసలో పెట్టడానికి ఒకటే కారణం. హీరో ముకోదాకు దొరికిన మంత్రశక్తి పేరు ‘నెట్ సూపర్’, అంటే ఆన్‌లైన్ కిరాణా. గాల్లో తెర తెరుచుకుంటుంది, నాణెం వేస్తే సరుకు అట్టపెట్టెలో దిగుతుంది. అతను అల్లం వేసి మాంసం వేపుడు చేస్తుంటే వాసనకి ఫెన్రిర్ అనే మహా తోడేలు వచ్చి, ఆ తిండి కోసమే అతనితో ఒప్పందం కుదుర్చుకుంటుంది. సబ్బు, షాంపూ ఒక వర్తకుడి ద్వారా అమ్మే భాగాలున్నాయి. అయినా ఇది వ్యాపారి కథ కాదు, తోడేలుకి మేత పెట్టే వంటవాడి కథ. వ్యాపారం కోసం కొంటే నిరాశ తప్పదు. వంట కోసం కొంటే హాయి. సాస్ సీసాలూ, మసాలా ప్యాకెట్లూ వాడి పది నిమిషాల్లో చేసే వంటలే కాబట్టి చదివి ఇంట్లో ప్రయత్నించగలిగేవి ఈ గుంపులో ఇందులోనే ఎక్కువ.

పూర్తిగా నాణేల విలువ, వెండి శాతం తగ్గించడం, ధాన్యం బేరాలే కావాలంటే కామెడీ వదులుకుని ‘స్పైస్ అండ్ వుల్ఫ్’ చదవండి. కోఉమె కెయ్‌తో అనే చిత్రకారుడు గీసిన మాంగా 16 వాల్యూముల్లో ముగిసింది. ఆధునిక దుకాణమేమీ ఉండదు, ‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ అన్న మాట మాత్రం అడుగడుగునా గుర్తొస్తుంది.

అమ్మడానికి ఒళ్ళు తప్ప ఏమీ లేనివాళ్ళు

యమలోకంలో యమభటులచేత సమ్మె చేయించిన సినిమాని తెలుగువాళ్ళం ఎప్పుడో చూసి నవ్వాం. దేవలోకమైనా, దయ్యాల లోకమైనా పనిచేసేవాడి గోడు ఒకటే అన్న ఆ తిక్క ఆలోచన మీకు నచ్చి ఉంటే, యసుమురా యోహెయ్ గీసిన ‘ది డంజన్ ఆఫ్ బ్లాక్ కంపెనీ’ తీసుకోండి.

జపాన్‌లో ‘బురక్కు కిగ్యో’ అంటే నల్ల కంపెనీ. జీతం లేని ఓవర్‌టైమ్, తిట్లు, మానేద్దామన్నా వదలకపోవడం వీటి గుర్తులు. 2013లో ఆ ఏడాది మాటల జాబితాలో మొదటి పదిలో నిలిచిన పదం అది. మాంగా మొదలైంది 2016లో. నెలకు 45 గంటలకు మించి ఓవర్‌టైమ్ మామూలుగా చేయించకూడదన్న చట్టం పెద్ద కంపెనీలకు అమల్లోకొచ్చింది 2019 ఏప్రిల్‌లో. ఈ తేదీలు గుర్తుంటే ఆ జోకుల్లోని కోపం తెలుస్తుంది.

నినోమియా కింజి ఆస్తులు కూడబెట్టుకుని, ఇక జన్మలో పని చెయ్యనక్కర్లేదని కాళ్ళు చాపుకున్న రోజే వేరే లోకంలో పడతాడు. రైజాహా అనే గనుల కంపెనీలో, పాతాళపు సొరంగంలో (దాన్నే డంజన్ అంటారు) తవ్వుడు పని. తోడు వనిబె అనే బల్లి మనిషి. ఎలాగో రిమ్ అనే డ్రాగన్ పిల్ల చేతికి చిక్కుతుంది. బలం అపారం, ఆకలీ అంతే, సంపాదించిందంతా దాని భోజనానికే పోతుంది. పెట్టుబడి పెట్టి కొన్న యంత్రం ఆదాయాన్ని తనే తినేస్తే ఏమవుతుందో దీనికంటే నవ్వొచ్చేలా చూపించడం కష్టం.

ఈ మాంగాలో నాకు గొప్పగా తోచేది వేరు. కింజి మంచివాడు కాదు. తనమీద కంపెనీ చేసిన దౌర్జన్యాన్ని బాగా చదువుకుని, తనకింద నలుగురు చేరగానే అదే పద్ధతి వాళ్ళమీద వాడతాడు. నినాదాలు, ఉత్సాహపు ప్రసంగాలు, ‘మనమంతా ఒకే కుటుంబం’ అన్న మాటలు. ప్రతిసారీ బోర్లా పడతాడు. నీతిమంతుడైన హీరో కావాలనుకునేవాళ్ళు దూరంగా ఉండాలి. ఆఫీసులో ఇలాంటి మేనేజర్ కింద పనిచేస్తూ ఉంటే నవ్వు కాస్త మంట పుట్టిస్తుంది, అది కూడా ముందే తెలిసి ఉండటం మంచిది. కథ కాలాలు మారుతూ ముందుకు సాగేది కాబట్టి మధ్య వాల్యూమ్ కొంటే అర్థం కాదు, ఒకటోదానితోనే మొదలుపెట్టాలి.

అదే ఉద్యోగపు హాస్యం తియ్యగా కావాలంటే ‘హెడ్‌హంటెడ్ టు అనదర్ వరల్డ్: ఫ్రమ్ శాలరీమాన్ టు బిగ్ ఫోర్!’ ఉంది. బెనిగాషిరా కథ, మురమిత్సు బొమ్మలు. ఉచిమురా దెన్నోసుకె గొడ్డుచాకిరీ చేసే మామూలు ఉద్యోగి. రాక్షసరాజు పిలిచి తన నలుగురు సేనాధిపతుల్లో ఒకడిగా పెట్టుకుంటాడు. కత్తి పట్టడం రాదు, మంత్రం రాదు. ఎదుటివాడి మాట చివరిదాకా వినడం, అవతలి పక్షం నిజంగా దేనికి భయపడుతోందో పసిగట్టడం, ఒప్పందం ఇద్దరికీ గిట్టేలా తిప్పడం మాత్రం వచ్చు. సేల్స్‌లో ఉన్నవాళ్ళకి ఇది బాగా దగ్గరగా ఉంటుంది. ఇక్కడ మంచి యజమాని దొరికాడు కాబట్టే మనిషి ఎదిగాడన్న వరస మొత్తం నడుస్తుంది. బ్లాక్ కంపెనీ చేదు మందైతే ఇది తేనె కలిపింది. 2025 జనవరిలో యానిమే, అంటే యానిమేషన్ సీరియల్, వచ్చింది, ముందు ఒక ఎపిసోడ్ చూసి గొంతు నచ్చితే మాంగాకు రండి.

‘రీబార్న్ యాజ్ ఎ వెండింగ్ మెషీన్, ఐ నౌ వాండర్ ద డంజన్’లో హీరో మనిషే కాదు, వెండింగ్ మెషీన్. కదలలేడు. మాట్లాడగలిగేది రికార్డు చేసిన ‘రండి రండి’, ‘అయ్యో పాపం’ లాంటి నాలుగైదు ముక్కలే. నాణేలు పాయింట్లవుతాయి, పాయింట్లు గంట గంటకీ కరుగుతాయి, సున్నా అయితే ప్రాణం పోతుంది. అమ్మకం ఆగితే చావే. చిన్న కొట్టు నడిపేవాళ్ళకి ఇందులో కొత్తగా వివరించాల్సిందేం ఉండదు. మొదటి రెండు వాల్యూములు గట్టిగా ఉన్నాయి. డంజన్‌లో పోరాటాలు పెరిగే కొద్దీ దుకాణం వెనక్కి పోతుంది.

మందుల షాపులో రెండున్నాయి. ‘డ్రగ్‌స్టోర్ ఇన్ అనదర్ వరల్డ్’ తేలిక కామెడీ, తలనొప్పిగా ఉన్న రోజు చదువుకోవడానికి. ‘ప్యారలల్ వరల్డ్ ఫార్మసీ’లో కామెడీ తక్కువ. అధిక పనితో చనిపోయిన ఔషధ పరిశోధకుడు మళ్ళీ పుట్టి ప్రజలకు మందుల కొట్టు పెడతాడు. ఫార్మసీ చదివినవాళ్ళు రెండోదే మెచ్చుకుంటారు.

‘పెద్దలకు’ అన్న మాటకి రెండు అర్థాలు

ఇక్కడ చాలామంది తడబడతారు, తప్పు కూడా వాళ్ళది కాదు. జపనీసులో ‘సెయ్‌నెన్’ అనే ఉచ్చారణతో రెండు మాటలున్నాయి. రాత వేరు, వినికిడి ఒకటే. ఒకటి యువకులు అని. యంగ్ ఏస్, యంగ్ గంగన్ లాంటి పత్రికలు ఈ కోవవి. విషయం పెద్దవాళ్ళది కావచ్చు, బొమ్మల్లో అశ్లీలం ఉండాలని లేదు. రెండోది చట్టప్రకారం వయసొచ్చినవాళ్ళు అని. జపాన్‌లో 18 దాటినవాళ్ళకే అమ్మే పుస్తకాల అట్టమీద వేసే గుర్తులో ఉండేది ఈ రెండో మాట. ఎక్కడైనా ‘సెయ్‌నెన్ మాంగా’ అని చదివి భయపడక్కర్లేదు, ధీమాగా పిల్లలకీ ఇవ్వక్కర్లేదు. ఇంగ్లీషు ప్రతుల మీద ‘టీన్’, ‘ఓల్డర్ టీన్’, ‘మెచ్యూర్’ అన్న ముద్ర చూడండి, అది ఎక్కువ పనికొస్తుంది.

ఆ రెండో అర్థంలో పెద్దలకే అని చెప్పాల్సింది అమహరా కథ, మషా బొమ్మలతో వచ్చిన ‘ఇంటర్‌స్పీసీస్ రివ్యూయర్స్’. వేశ్యావాటికలకు వెళ్ళివచ్చి, వాటికి పదికి ఇన్ని మార్కులని సమీక్షలు రాసి సత్రంలో పెట్టే వేర్వేరు జాతుల మగవాళ్ళ కథ. 2020లో యానిమే వచ్చినప్పుడు అమెరికాలో యానిమేలు చూపించే ఫునిమేషన్ సంస్థ మూడు ఎపిసోడ్ల తర్వాత తీసేసింది, టోక్యో ఎమ్ఎక్స్ టీవీ కూడా ప్రసారం ఆపేసింది. నగ్నత్వం దాదాపు ప్రతి చాప్టర్లో ఉంటుంది. ఇందులో సందేహం పెట్టుకోవద్దు.

మరి ఇక్కడెందుకు? సమీక్ష అనేది వ్యాపారాన్ని ఎలా నడుపుతుందో దీనంత బాగా పట్టుకున్న మాంగా అరుదు. మొదటి చాప్టర్లో మనిషి ఒకడు 50 ఏళ్ళ మనిషి స్త్రీని వద్దంటాడు, 500 ఏళ్ళ ఎల్ఫ్‌ని మెచ్చుకుంటాడు. అతని ఎల్ఫ్ స్నేహితుడికి అదే తలకిందులు. ఎల్ఫ్ చూసేది ముఖాన్ని కాదు, మంత్రశక్తి ఎంత తాజాగా ఉందన్నదాన్ని. ఒకే సేవ, నలుగురు కస్టమర్లు, నాలుగు మార్కులు, నలుగురూ నిజమే చెప్పారు. ఆన్‌లైన్ రేటింగులు చూసి హోటలు ఎంచుకునే ఎవరికైనా ఈ ఆలోచన పనికొస్తుంది. అయినా కథ మొత్తం కొనేవాడి కళ్ళతోనే చూస్తుంది, ఆ ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళ వైపు నుంచి ఏమీ చెప్పదు. అది మీకు అడ్డుపడే విషయమైతే దీన్ని వదిలేయండి, తెలివైన జోకు కోసం అంత మింగక్కర్లేదు. కొంటే మాత్రం ఇంట్లో పిల్లలకి అందే అరలో పెట్టొద్దు. అట్ట రంగురంగులుగా బొమ్మల కథలాగే ఉంటుంది.

కొనే ముందు చూడాల్సినవి

ఎక్కువగా జరిగే పొరపాటు మాంగా బదులు లైట్ నవల, అంటే అక్కడక్కడా బొమ్మలుండే తేలిక నవల, కొనడం. పైన చెప్పినవాటిలో చాలావరకు నవలగా మొదలై మాంగాగా మారినవే. ఇంగ్లీషులో పేరు అక్షరం తేడా లేకుండా ఒకటే, అట్టమీద మనుషులూ వాళ్ళే. ‘రెస్టారెంట్ టు అనదర్ వరల్డ్’ నవల ఇంగ్లీషు ప్రచురణ సెవెన్ సీస్‌ది, మాంగా యెన్ ప్రెస్‌ది. నోబు మాంగా ఇంగ్లీషులో ఉడాన్ ఎంటర్‌టైన్‌మెంట్‌ది. ఆర్డర్ పెట్టే ముందు పేరు చివర ‘మాంగా’ అనీ, రచయితతో పాటు బొమ్మలు గీసినవారి పేరూ ఉన్నాయో లేదో చూసుకోండి. బ్లాక్ కంపెనీకి ఈ బెడద లేదు, అది పుట్టుకతోనే మాంగా.

ఆన్‌లైన్ దుకాణాల్లో ఉచితంగా చూపించే పేజీలు ఉంటాయి. అందులో మొదటి నాలుగైదు రంగు పేజీలు, విషయసూచిక పోతాయి, అసలు కథ కొద్దిగానే మిగులుతుంది. ఆ కొద్దిలో మూడు విషయాలు వెతకండి. ఏ వస్తువుకైనా ధర చెప్పారా? కస్టమర్ ఎవరైనా కాదన్నారా, బేరమాడారా, లేక అందరూ చూడగానే ఆహా అన్నారా? యజమానికి ఏదైనా నష్టం జరిగిందా? మూడింటికీ లేదనే జవాబు వస్తే అది వ్యాపారం వేషం కట్టిన వేరే కథ. అలా ఉన్నా ఆస్వాదించొచ్చు, దుకాణం కోసం మాత్రం కొనొద్దు.

చదివే తెర సైజు ఈ కోవకి మామూలు కంటే ఎక్కువ ముఖ్యం. జపాన్‌లో పెద్దవాళ్ళ మాంగా వాల్యూములు ఎక్కువగా 128 బై 182 మిల్లీమీటర్ల బీ6 సైజులో ఉంటాయి. పోరాటాల మాంగాలో ఒక్కో బొమ్మ గీసే గదులు పెద్దవి, మాటలు తక్కువ. దుకాణం మాంగాలో గోడమీద మెనూ, ధరల పలక, చిట్టాపద్దు, మూలనున్న కస్టమర్ గొణుగుడు అన్నీ చిన్న అక్షరాలు, జోకు చాలాసార్లు అక్కడే ఉంటుంది. ఆరంగుళాల ఈ-రీడర్‌లో ఒక్కో పేజీ చదవొచ్చు, రెండు పేజీలు కలిపి గీసిన బొమ్మ మాత్రం మధ్యకి తెగిపోతుంది. ఫోనులో ప్రతి గదినీ వేళ్ళతో పెద్దది చేసుకోవాలి, చేసేసరికి నవ్వు ఆగిపోతుంది. పదంగుళాల ట్యాబ్‌లెట్ అడ్డంగా తిప్పి, పేజీలు కుడి నుంచి ఎడమకి ఉండేలా పెట్టుకుంటే సరిపోతుంది. అది లేనివాళ్ళు అచ్చు పుస్తకమే కొనడం మంచిది, ముఖ్యంగా నోబు. ఆ కొట్టు గోడమీద వేలాడే వంటకాల పట్టీల్ని తీరిగ్గా చదవాలంటే కాగితమే కావాలి.